మిగ్-21 ముక్కు, సూది, తోక: లేత్ మీద ఒక 1/48 మోడల్ రిపేరు

ఆగస్టులో మా ఒడిశా సునాబెడ వైపు వాన పట్టుకుందంటే నాలుగైదు రోజులు ఒగ్గదు. 2025లో అలాంటి ఒక మధ్యాహ్నం మా వీధి చివరింటి మావయ్య గొడుగు మడిచి తలుపుకి ఆనించి షాపులోకొచ్చారు. చంకలో ప్లాస్టిక్ సంచి చుట్టిన అట్టపెట్టె. "దీనికేటైనా సెయ్యగలవేటో సూడు బాబూ" అని బల్ల మీద పెట్టారు. విప్పితే లోపల మిగ్-21 యుద్ధవిమానం బిస్ రకానికి 1/48 స్కేలు (అసలుదాంట్లో 48వ వంతు) ప్లాస్టిక్ కిట్టు, ఎవరో సగం అతికించి వదిలేసింది. మనవడు ఆన్‌లైన్‌లో పాతది కొని తాతకి పంపాడట.

ఈ మావయ్య నాకు చుట్టమేమీ కాదు. టెక్కలి పక్క ఊరి మనిషి, పెళ్లికి ముందే ఇటొచ్చి ఇంజిన్ ఫ్యాక్టరీలో పనిచేసి ఇక్కడే రిటైరయ్యారు. సునాబెడలో విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్ఏఎల్ ఇంజిన్ విభాగం 1964లో వచ్చిందే మిగ్-21 ఇంజిన్ల కోసం. మొదట ఆర్-11, తర్వాత బిస్ రకానికి ఆర్-25 ఇక్కడ తయారయ్యాయి. మావయ్య చెయ్యి పడ్డవన్నీ ఆర్-25లే. సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు అని పేపర్లో చూశారు. 1963లో అది మన వాయుసేనలో చేరింది కూడా చండీగఢ్‌లోనే. వీడ్కోలు రోజుకి ఈ మోడల్ టీవీ పక్కన నిలబడాలని ఆయన కోరిక. ఏడు వారాల టైముంది.

నాకు సెమిలిగుడ రోడ్డులో లేత్ షాపుంది. పగలంతా పంపు షాఫ్టులు, ట్రాక్టర్ పిన్నులు, బుష్‌లు. షట్టర్ దించాక ప్లాస్టిక్ మోడళ్లు. దానికోసం చిన్న లేత్ ఒకటి, చేత్తో పట్టుకుని వాడే వేగపు డ్రిల్లులాంటి రోటరీ టూల్ ఒకటి, డెంటల్ డాక్టర్లు వాడే మైక్రోమోటర్ ఒకటి విడిగా పెట్టుకున్నాను. ఇనుము తిప్పే చేతికి ప్లాస్టిక్ అలవాటు కావడానికి నాకు చాలా కాలమే పట్టింది. ఈ కేసు ఇంత వివరంగా రాయడానికి కారణం అదే. మనవైపు లేత్ పని తెలిసినవాళ్లు ఇంటికొకరున్నారు. వాళ్లలో ఎవరైనా మోడలింగ్‌లోకి వస్తే నేను చేసిన తప్పులు మళ్లీ చెయ్యక్కర్లేదు.

కిట్టులో మూడు చోట్ల దెబ్బ ఉంది. ముక్కు మీద పొడుగ్గా ఉండాల్సిన, విమానం వేగం కొలవడానికి పనికొచ్చే పిటో గొట్టం మొదలంటా విరిగి పోయింది, ముక్క పెట్టెలో లేదు. ముక్కు లోపలి కోన్‌ని పాత యజమాని అరగదీసి అరగదీసి కోడిగుడ్డు ఆకారానికి తెచ్చాడు, పైగా దాని మీద సిమెంట్‌లో (ప్లాస్టిక్‌ని కరిగించి అతికే గ్లూని మోడలర్లు అలాగే అంటారు) వేలిముద్ర. మూడోది తోక గొట్టం. అంచు చేతి గాజులా మందంగా ఉంది. ఆ మందాన్ని 48తో హెచ్చవేస్తే అసలు విమానానికి అరచెయ్యి మందం రేకు పెట్టినట్టవుతుంది. మిగతా ఒళ్లు బాగానే ఉంది. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి కొలిస్తే 149 మిల్లీమీటర్లు, అంటే అసలు 7.15 మీటర్లకి సరిగ్గా సరిపోయింది. కాబట్టి కిట్టు మంచిదే, బాగుచెయ్యడం దండగ కాదు అనుకున్నాను.

పనిలోకి దిగేముందు వేడి సంగతి చెప్పాలి. కిట్లు పోసేది పాలీస్టైరిన్‌తో. అది 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చేసరికి మెత్తబడిపోతుంది. ఇనుముకైనా అల్యూమినియంకైనా ఉన్న సుగుణం ఏమిటంటే టూల్ మొన దగ్గర పుట్టిన వేడిని జాబ్, అంటే తిప్పే ముక్క, మొత్తం పంచుకుంటుంది. పాలీస్టైరిన్ కంటే అల్యూమినియం వెయ్యి రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది. ప్లాస్టిక్‌లో పుట్టిన వేడి పుట్టినచోటే కూర్చుంటుంది. 13 మిల్లీమీటర్ల ముక్కని లేత్ మీద నిమిషానికి 250 చుట్లలో తిప్పితే టూల్ ముందు నుంచి నిమిషానికి 10 మీటర్ల ప్లాస్టిక్ వెళ్తుంది. ఆరున్నర మిల్లీమీటర్ల ఎమెరీ డ్రమ్ము రోటరీ టూల్‌కి పెట్టి 10,000 చుట్లలో ఆనిస్తే అదే లెక్క 200 మీటర్లు దాటుతుంది. చేతికి రెండూ ఒకేలా మెత్తగా కోస్తున్నట్టే అనిపిస్తాయి. ఒకటి కోస్తోంది, రెండోది కరిగిస్తోంది. మోడలర్లు రోటరీ టూల్ కొన్న మొదటి వారంలోనే ఒక కిట్టు పాడుచేసుకోవడానికి కారణం ఈ 20 రెట్ల తేడాయే.

కోన్‌తో మొదలుపెట్టాను. మిగ్-21లో ముక్కే గాలి లోపలికి వెళ్లే నోరు. ఆ నోటి మధ్యలో కోన్ ఉంటుంది. విమానం ధ్వని వేగం దాటాక కోన్ ముందుకు జరిగి, షాక్ తరంగం ఎక్కడ నిలవాలో అక్కడ నిలబెడుతుంది. ఇంజిన్‌కి చేరే గాలి వేగం తగ్గి చేరుతుంది. బిస్‌లో రాడార్ కూడా ఆ కోన్ లోపలే. మోడల్‌ని ఎదురుగా పెట్టి చూసేవాడి కన్ను మొదట పడేది దాని మీదే. గుండ్రంలో వెంట్రుక తేడా వచ్చినా చుట్టూ ఉన్న నోటి అంచు పట్టిచ్చేస్తుంది. ఇది చేత్తో అరగదీస్తే వచ్చే పని కాదు, లేత్ పనే.

షాపులో డెల్రిన్ అనే గట్టి, జారుడు ప్లాస్టిక్ రాడ్డు ముక్క ఉంది. బుష్‌ల కోసం తెచ్చింది. లేత్ మీద డెల్రిన్ అంత సుఖంగా తిరిగే ప్లాస్టిక్ ఇంకోటి లేదు. చిప్ దారంలా వస్తుంది, ఫినిష్ అద్దంలా వస్తుంది. గంటలో కోన్ అయిపోయింది. మావయ్యకి ఫోటో కూడా పంపించేశాను. ప్రైమర్ కొట్టి మర్నాడు మాస్కింగ్ టేపు పీకితే రంగు మొత్తం టేపుతో పాటు తొడుగులా ఊడొచ్చింది. డెల్రిన్‌కి గుణమూ దోషమూ ఒకటే, దాని మీద ఏదీ అంటదు. రంగూ అంటదు, గ్లూ కూడా అంటదు. అరిగే చోట బుష్‌గా పెట్టడానికి ఏ గుణం చూసి దాన్ని కొన్నానో ఆ గుణమే ఇక్కడ పని చెడగొట్టింది. ఇది నాకు ముందే తట్టాల్సింది.

యాక్రిలిక్ రాడ్డు గురించి కూడా ఆలోచించాను. తిరుగుతుంది, రంగు పడుతుంది. కానీ తిప్పేటప్పుడు వేడెక్కిన యాక్రిలిక్‌కి తర్వాత సిమెంట్ తగిలితే లోపల సన్నటి పగుళ్లు పాకుతాయి. తీరా అతికించాక ఆ పగుళ్లు బయటపడితే మళ్లీ మొదటికొస్తాం. అందుకని కిట్టు దేనితో పోశారో దానితోనే చెయ్యాలని నిర్ణయించుకున్నాను. లావు పాలీస్టైరిన్ రాడ్డు దొరకదు. విశాఖపట్నం నుంచి తెచ్చుకున్న 1.5 మిల్లీమీటర్ల షీటు ఉంది. దాంట్లోంచి 15 బిళ్లలు కోసి, లిక్విడ్ సిమెంట్‌తో ఒకదాని మీద ఒకటి అతికించి, సి-క్లాంపులో బిగించాను. 22.5 మిల్లీమీటర్ల దిమ్మ అయింది.

ఒక్కరోజే ఆగి చక్‌లో, అంటే ముక్కని పట్టి తిప్పే లేత్ దవడల్లో, పెట్టడం నా రెండో తప్పు. నాలుగో కట్‌కి మధ్య బిళ్ల ఒకటి నాలుకలా బయటికొచ్చి టూల్‌కి చుట్టుకుంది. ఆపి ముక్కు దగ్గర పెట్టుకుంటే సిమెంట్ వాసన గుప్పుమంది. బయటి అంచు ఆరింది గానీ నడుమ ఇంకా జిగురుగానే ఉంది. ద్రావకం బయటికి పోవాలంటే ప్లాస్టిక్‌లోంచే పోవాలి, వెడల్పాటి బిళ్లల మధ్య నుంచి దానికి దారి దొరకదు. పైగా వానాకాలం. రెండో దిమ్మ చేసినప్పుడు ప్రతి బిళ్లకీ మధ్యలో చిన్న చిల్లు పెట్టాను, ఆవిరి అటు కూడా పోయేలా. 40 వాట్ల బల్బు వెలిగే చెక్కపెట్టెలో గోరువెచ్చగా పది రోజులు ఉంచాను. రోజూ వాసన చూసేవాణ్ణి. వాసన పూర్తిగా పోయాకే చక్ తిప్పాను.

ఈసారి అడుగున 4 మిల్లీమీటర్ల చిల్లు పది మిల్లీమీటర్ల లోతుకి పెట్టి, నర్లింగ్ చేసి ఒళ్లు గరుకు పెట్టిన ఇత్తడి కడ్డీని సూపర్ గ్లూతో దించాను. చక్ పట్టుకునేది ఇత్తడిని, ప్లాస్టిక్‌ని కాదు. కొన వైపు నాలుగున్నర మిల్లీమీటర్లు ఎక్కువ ఒదిలి, అక్కడ జాబ్‌తో పాటు తిరిగే సన్నముక్కు ఆనుడు, లైవ్ సెంటర్, ఆనించాను. కోన్ అడుగు వ్యాసం 13, పొడవు 18. అడుగులో సగం ఆరున్నరని 18తో భాగిస్తే 0.361. అది 20 డిగ్రీల కోణానికి దగ్గరి టాన్ విలువ. టూల్‌ని వాలుగా నడిపే కాంపౌండ్ స్లైడ్ అక్కడ బిగించాను. టూల్‌కి పై వాలు లేకుండా, ఇత్తడికి రుద్దినట్టే రుద్ది, ఆఖర్లో నూనెరాయి మీద వెంట్రుక కోసేంత పదును పెట్టాను.

ఇనుము పనిలో పెద్దగా పట్టించుకోనివి రెండు ఇక్కడ ప్రాణమంత ముఖ్యం. టూల్ మొన సరిగ్గా సెంటర్ ఎత్తులో ఉండాలి. కిందికో పైకో ఉంటే కోన్ పక్కలు తిన్నగా రావు, సన్నటి వంపు తిరుగుతాయి. ఎంత అరగదీసినా ఆ వంపు పోదు. రెండోది కట్ నడిచే వైపు. కొన నుంచి అడుగు వైపు నడపాలి. అప్పుడు టూల్ నెట్టుడు బిళ్లలన్నిటినీ చక్ వైపు కలిపి నొక్కుతుంది. తిరగేసి నడిపితే ఒక్కో బిళ్లనీ ఊడదీయడానికి చూస్తుంది. 250 చుట్లు, మొదట 0.2 మిల్లీమీటర్ల లోతు, ఆఖరికి 0.05. సబ్బు నీళ్లు చుక్కచుక్కగా సిరంజితో. చిప్ ఉన్నిలా చుట్టుకుంటుంది, దాన్ని చేత్తో లాగకూడదు. మిషన్ ఆపి బ్రష్‌తోనే తియ్యాలి. తడిపిన 1000 నంబరు వాటర్ పేపర్‌తో ముగించి, కొన మీద ఎక్కువ ముక్కని రంపపు బ్లేడుతో కోసి చేత్తో గుండ్రం చేశాను.

ఇత్తడి కడ్డీ పీకేశాక అడుగున మిగిలిన చిల్లు అనుకోకుండా అక్కరకొచ్చింది. మిగ్-21 మోడల్‌కి బరువు చక్రాల కంటే తోక వైపే ఎక్కువ. ముక్కులో బరువు పెట్టకపోతే తోక మీద కూలబడుతుంది. ఆ చిల్లు నిండా చేపల గాలానికి కట్టే సీసం గుళ్లు దట్టించి గ్లూ పోశాను. చాలనిదాన్ని కాక్‌పిట్ నేల కింద సర్దాను.

పిటో గొట్టానికి ప్లాస్టిక్ వాడే ప్రసక్తే లేదు. అంత సన్నం, అంత పొడుగు ప్లాస్టిక్‌లో నిలవదు, ఈ రోజు కాకపోతే రేపు విరుగుతుంది. మందుల షాపులో దొరికే ఇంజక్షన్ సూదులు దీనికి బంగారంలాంటివి. గులాబీ రంగు మూత 18 గేజి సూది బయటి వ్యాసం 1.27 మిల్లీమీటర్లు, లోపలి చిల్లు 0.84. ఆకుపచ్చది 21 గేజి, బయట 0.82. అంటే పచ్చది గులాబీలోకి దూరుతుంది. దాని లోపల 0.51, గోధుమరంగు 26 గేజి బయట 0.46. అదీ దూరుతుంది. ఒకదాంట్లోంచి ఒకటి వచ్చే పాత రేడియో ఏరియల్‌లా మూడు మెట్ల గొట్టం తయారవుతుంది, అసలు పిటో కూడా కొసకి పోయేకొద్దీ సన్నబడేదే. కొన్ని సూదులు బిగుసుకుపోతాయి, నాలుగైదు మార్చి చూసుకోవాలి. కొత్త సూదులే వాడాలి, అన్నిటికంటే ముందు మొన తీసెయ్యాలి.

రోటరీ టూల్‌కి పేరొచ్చే పని ఇదే. సూదిని ప్లయర్‌తో తుంచితే నోరు మూసుకుపోతుంది. సన్నటి కటింగ్ డిస్కుతో, 15,000 చుట్లలో, బరువెయ్యకుండా తాకిస్తే రెండు సెకన్లలో తెగుతుంది. కళ్లద్దాలు లేకుండా ఆ డిస్కు ముందు కూర్చోవద్దు. అది పక్కకి వంగితే బద్దలవుతుంది, ముక్క ఎటెగురుతుందో చెప్పలేం. తెగిన నోటిని నూనెరాయి మీద రుద్ది, కొంచెం గరుకు చేసి, స్పిరిట్‌తో తుడిచి, మూడు సూదుల్నీ ఒకదాంట్లో ఒకటి సూపర్ గ్లూతో అతికించాను. వానాకాలపు తేమకి సూపర్ గ్లూ చుట్టూ తెల్లటి పొర పేరుకుంటుంది, అందుకే ఇవన్నీ రంగు వెయ్యకముందే అయిపోవాలి.

ముక్కు మీద పిటో కూర్చోడానికి లేత్ మీద చిన్న ఇత్తడి బుష్ తిప్పాను. బయట 2.5, లోపల 1.3 డ్రిల్లు. మూడు దవడల చక్ అయితే 0.1 మిల్లీమీటరు ఊగుతుంది. ఈ స్కేల్లో అది అసలు విమానం మీద దాదాపు అయిదు మిల్లీమీటర్ల పక్కవాటు కాబట్టి చుట్టూ సమానంగా బిగిసే కాలెట్‌లో పట్టాను. పాత విరుగు మచ్చని ఎవరో పుట్టీతో కప్పేశారు. నేను ముక్కు నడినెత్తిన గీత గీసి, డ్రిల్లుకి గుర్తు పెట్టుకుని ఉన్నాను. అప్పుడే మావయ్య వచ్చి కళ్లజోడు సర్దుకుని వంగి చూశారు.

"ఏటి బాబూ, నడిమికెట్టేస్తన్నావేటి?"

"నడిమికే కద మావయ్యా?"

"పాతవాటికి నడిమికే. బిస్‌కి కుడిపక్కకి జరుగుద్ది. పైలట్ కూసున్నప్పుడు ఆడి కుడి." వేలితో ముక్కు మీద ఆ చోటు తాకి చూపించారు. ఫోటోలు తీసి చూస్తే అలాగే ఉంది. డ్రిల్లు దించేసి ఉంటే మళ్లీ పూడ్చి పాలిష్ చెయ్యడానికి వారం పోయేది. నేను రెండు వారాలుగా ఫోటోలు ముందేసుకుని కూర్చున్నా కంటికి ఆనని సంగతి అది.

తోక గొట్టం దగ్గర నా పరువు పోయింది. మైక్రోమోటర్ కింద వెయ్యి చుట్ల దగ్గర నుంచీ తిరుగుతుంది, ప్లాస్టిక్ పనికి అదే తియ్యాలి. ఆ రాత్రి కరెంటు పోయి వచ్చింది. మైక్రోమోటర్ పెట్టె ఎందుకో వెలగలేదు. సరే అని రోటరీ టూల్‌కి ఎమెరీ డ్రమ్ము తగిలించి గొట్టం లోపలి అంచు పల్చన చెయ్యబోయాను. దాని అతి తక్కువ వేగమే 10,000. మొదటి పది సెకన్లు పొడి రాలింది. తర్వాత పొడి ఆగి, డ్రమ్ము చుట్టూ మెత్తటి కాలరు కట్టింది. వాసన తెలిసి చెయ్యి తీసేలోపు అంచు ఒకచోట లోపలికి జారి వేలి గోరంత చిల్లు పడింది. కిట్టులో రెండో తోక గొట్టం లేదు.

చిల్లు పూడ్చడం సాధ్యమే. కిట్టు ఫ్రేము ముక్కల్ని లిక్విడ్ సిమెంట్‌లో కరగబెట్టి ఆ ముద్దతో పూడిస్తే కిట్టు ప్లాస్టిక్‌తో ఏకమవుతుంది. కానీ ఇక్కడ అంచే పోయింది. చివరికి అల్యూమినియంలో కొత్తది తిప్పాను. 20 మిల్లీమీటర్ల రాడ్డు పట్టి ముందు లోపల బోరింగ్ పూర్తి చేశాను. తర్వాత ఆ చిల్లులోకి బిగుతుగా పట్టే టేకు చెక్క మొద్దు తిప్పి దాని మీద ఎక్కించి బయట తిప్పాను. పల్చటి గోడని గాల్లో ఒదిలి తిప్పితే కీచుమంటూ అలలు పడతాయి, చెక్క లోపల ఉంటే నోరెత్తదు. అంచు 0.4 మిల్లీమీటర్లకి వచ్చింది. చక్‌ని చేత్తో జరుపుకుంటూ, స్పిండిల్ వెనక గేరు పళ్లు లెక్కపెట్టుకుంటూ, ఆపి ఉన్న లేత్ మీద టూల్ మొనతో రేకుల గీతలు గీశాను. లోపల ఆఫ్టర్ బర్నర్‌లో (ఇంజిన్ వెనక అదనంగా ఇంధనం మండే చోటు) మంటని నిలిపే వలయాలు సన్న ఇత్తడి తీగతో చుట్టాను. ఆ వలయాల మధ్య ఎడం ఎంతుండాలో మావయ్య కాయితం మీద బాల్‌పెన్నుతో గీసిచ్చారు. ఆ కాయితం నా టూల్ డ్రాయర్‌లో ఉంది. అల్యూమినియం మీద ప్రైమర్ నిలవాలంటే సెల్ఫ్ ఎచింగ్ రకం కొట్టాలి. డెల్రిన్ పాఠం మర్చిపోలేదు, ముందు తుక్కు ముక్క మీద కొట్టి టేపు పీకి చూశాకే అసలుదాని మీద కొట్టాను.

మిగిలినవి చిన్నవి. పొట్ట కింద జిఎస్‌హెచ్-23 తుపాకీకి రెండు గొట్టాలు. 23 మిల్లీమీటర్ల నోరు 1/48లో 0.48 అవుతుంది, 0.5 డ్రిల్లు పిన్ వైస్‌లో పెట్టి వేళ్లతో తిప్పాను. ఇక్కడ మోటరు ఎందుకూ పనికిరాదు. కె-13 మిస్సైళ్ల ఒళ్లు అసలు 127 మిల్లీమీటర్లు, మనకి 2.65. కిట్టువి సరిపోయాయి, ముట్టుకోలేదు. ముక్కు లోపలి గోడ మీద పోత గుర్తులు తియ్యడానికి మాత్రం డెంటల్ డాక్టర్ దగ్గర నుంచి తెచ్చుకున్న పాత బర్రులు, అంటే పళ్లు తొలిచే మొనలు, బాగా పనికొచ్చాయి. వాటి కాడ 2.35 మిల్లీమీటర్లు. రోటరీ టూల్ కాలెట్లలో 2.4 దానికి పడుతుంది. పళ్లకి మొద్దుబారిన బర్రు పాలీస్టైరిన్‌కి ఇంకా చాలా కాలం పదునే. మైక్రోమోటర్‌లో ఫ్యూజు పోయింది, మర్నాడే మార్చాను.

రంగుల సంగతి ఇక్కడ రాయను, అది వేరే పని. సెప్టెంబరు 24 రాత్రి మోడల్ తీసుకెళ్లి మావయ్య ఇంట్లో పెట్టాను. ఆయన దాన్ని ముందు నుంచి చూడలేదు. తిప్పి, సెల్‌ఫోన్ లైటు తోక గొట్టంలోకి వేసి, చాలాసేపు లోపలికి చూశారు. "మూడోది కొంచెం లోనికుండాల" అన్నారు. వెనక్కి తెచ్చి, ట్వీజర్‌తో వలయం అర మిల్లీమీటరు లోపలికి నెట్టి, మర్నాడు ఇచ్చాను.

జనవరిలో సంక్రాంతికి వాళ్లింటికెళ్లినప్పుడు మోడల్ మరోసారి చూశాను. ఆ చలికి కూడా కోన్ పొరల్లో ఎక్కడా గీత తేలలేదు. పిటో మాత్రం లేదు. మనవడి తమ్ముడు చెయ్యి తగిలించాడట. భయపడి ఎవరికీ చెప్పకుండా అగ్గిపెట్టెలో దాచాడు. వంగలేదు, విరగలేదు. బుష్‌లో దాన్ని గ్లూ పెట్టకుండానే దూర్చాను గనక తగిలిన వెంటనే ఊడొచ్చేసింది. పిల్లాడి చేతికే ఇచ్చి పెట్టమన్నాను. మొదటిసారే బుష్‌లోకి దిగింది.